తూర్పు దిక్కు ఊట

మునినారాయణప్ప రోజూ ఉదయం ఆరుంపావుకు మూడువందల పన్నెండు పూలకుండీలకు నీళ్ళు పెట్టడం మొదలుపెడతాడు. ఆ నీళ్ళు హొసకోటె వైపు నుంచి ట్యాంకరులో వస్తాయి. ఆయన గొట్టం పట్టుకుని నిలబడే చోటికి ముప్ఫై అడుగుల దూరంలో ఒక బావి ఉంది. దాన్ని తవ్వింది ఆయనే.

అది బావి అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. పైన సిమెంటు పలక, పలక మధ్యలో ఒక మూల విరిగిన ఇనుప మూత. సాయంత్రం పిల్లలు ఆ పలకను వికెట్ల వెనక గోడగా వాడుకుంటారు. కాడుగోడి స్టేషనుకు రెండు కిలోమీటర్ల దూరంలో నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంటు లేచిన ఈ స్థలం ఒకప్పుడు ద్రాక్షతోట. మునినారాయణప్పకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఆయన తండ్రి, ఇద్దరు చిన్నాన్నలు, ఆయన కలిసి ఆ తోటలో బావి తవ్వారు. పదడుగుల వెడల్పు, నలభై అయిదడుగుల లోతు, లోపల సగం దాకా రాతికట్టు.

మట్టిపని వాళ్ళ ఇంటి పని. తాత చెరువుకట్టలు వేశాడు, తండ్రి బావులు తవ్వాడు. బోర్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్ళు తగ్గిపోయారు. మునినారాయణప్ప చివరి బావి తవ్వి ఇరవై నాలుగేళ్ళయింది, అది దేవనహళ్ళి దగ్గర. ఆ తర్వాత పెద్ద కట్టడాలకు పునాది గుంతలు తవ్వాడు. పదకొండేళ్ళుగా ఇక్కడ తోటమాలి. వయసు అరవై ఒకటి, ఆధార్ కార్డులో మాత్రం యాభై ఎనిమిది. మొత్తం ఎన్ని బావులు తవ్వాడో ఆయన లెక్కపెట్టలేదు. భార్య మునిలక్ష్మి పెట్టింది. పెళ్ళయ్యాక తను గట్టు మీద నిలబడి మోకు లాగిన బావులు నూట ఆరు. అంతకుముందువి తనకు సంబంధం లేదంటుంది.

ఫిబ్రవరి చివర్లో సూపర్‌వైజర్ నాగరాజు వచ్చి పూలకుండీల పక్కన నిలబడ్డాడు. నాగరాజు చెడ్డ కబురు చెప్పేటప్పుడు ముందు జేబులోంచి పెన్ను తీసి మళ్ళీ పెట్టుకుంటాడు.

"వచ్చే నెల్లో బాయి పూడ్చేస్తారంట, మునినారాయణప్పా. ఇరవై రెండు స్కూటర్లకు పార్కింగ్ చేస్తారంట. ఆరు లారీల మన్ను చెప్పినారు."

"మన్ను ఎవరు ఎత్తిపోసేది?"

"బయటోళ్ళు వద్దన్నారు. మన తోటోళ్ళు నలుగురు చాలంట."

"ఆ నలుగుర్లో నేనూ ఉండానా?"

"నువ్వు లేకుంటే ఎట్లప్పా? పార పట్టేది నీకే కదా బాగా వచ్చేది."

ఆ రోజు మునినారాయణప్ప కుండీలకు నీళ్ళు పెట్టడం అరగంట ముందే ముగించి, అసోసియేషన్ సెక్రటరీ నళిని దగ్గరికి వెళ్ళాడు. ఆమె బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషి. ఎవరు ఏం చెప్పినా పూర్తిగా వింటుంది, విన్నాక కాగితం అడుగుతుంది. ఆ బావిలో నిలిచింది వాననీళ్ళు కాదు, అడుగున నిజంగా నీళ్ళు ఊరుతున్నాయి అని ఈయన కన్నడంలో చెప్పాడు. ఆమె విన్నది.

"ఆధారం ఏదైనా ఉందా?"

"నేనే తవ్వినాను, మేడమ్."

"తవ్వింది నలభై ఏళ్ళ కిందట కదా. ఇప్పుడు చుట్టూ ఎన్ని బోర్లున్నాయో చూడండి. నీళ్ళు ఇంకా వస్తున్నాయని ఎలా నమ్మమంటారు?"

అది న్యాయమైన ప్రశ్నే. మార్చి ఇరవై మూడు, ఆదివారం మీటింగు ఉందని, చూపించడానికి ఏదైనా ఉంటే ఆలోపు తెమ్మని ఆమె చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని బయటికి వచ్చాడు. తవ్విన చేతులతోనే పూడ్చాల్సి రావడం ఒక బాధ. పదకొండేళ్ళు నమ్మకంగా పని చేసిన చోట తన మాట అబద్ధంగా మిగిలిపోవడం ఇంకో బాధ. రెండోదే ఎక్కువ బాధ అని ఇంటికి వెళ్ళాక మునిలక్ష్మితో అన్నాడు.

ఆ వారమే నలుగురు విద్యార్థులు వచ్చారు. డిగ్రీ కాలేజీలో జర్నలిజం చివరి ఏడాది. "మన చుట్టూ నీళ్ళు" అనే విషయం మీద ఎనిమిది నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి, ఇరవై మార్కులు. వాళ్ళ పెద్ద అర్పిత. ఆమె ఇక్కడే బి బ్లాకులో ఉంటుంది, ఇంట్లో మాట్లాడేది కన్నడం, తెలుగు రాదు. దర్శకత్వం, ఎడిటింగ్ ఆమెవి. కెమెరా హేమంత్‌కుమార్‌ది. వాళ్ళ అమ్మానాన్నలు కదిరి దగ్గర నుంచి సెంట్రింగు పనికి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. శబ్దం చేతన్ చూసుకుంటాడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాడు, రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. ప్రశ్నలు అడిగేది నేత్రావతి. ఆమెది హొసకోటె, తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం.

పార్కింగ్ సంగతి అర్పితకు ముందే తెలుసు. సినిమా పూర్తయ్యాక మీటింగులో వేయిస్తానని, నళిని ఆంటీతో మాట్లాడానని చెప్పింది. మునినారాయణప్పకు ఆ మాట చాలు. మరుసటి రోజు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు.

మొదటి రోజు కన్నడంలో అడిగారు. ఆయన పోలీస్ స్టేషన్లో సాక్ష్యం చెబుతున్నట్టు నిటారుగా నిలబడి అవును, కాదు అన్నాడు. హేమంత్‌కుమార్ మూడుసార్లు "కట్" అన్నాడు. అప్పుడు నేత్రావతి కెమెరా పక్క నుంచి వచ్చి ఆయన ముందు కింద కూర్చుంది.

"తాతా, ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లే మాట్లాడండి. మన మాటల్లోనే."

"నీకు అర్థమవుతాదా పాపా?"

"అయ్యో, మాదీ ఇదే మాట కదా."

కన్నడంలోనే చెప్పి ఉంటే మునినారాయణప్ప 'సెలె' అనేవాడు, ఏ గొడవా ఉండేది కాదు. తెలుగులో చెప్పాడు కాబట్టి 'ఊట' అన్నాడు.

"ఈ బాయికి ఊట తూరుపు దిక్కున ఉండాది. రాతి సందులో."

"ఆ ఊట ఎట్లుండేది తాతా?"

"తియ్యగా ఉండేది. నోట్లో పెట్టుకుంటే చల్లగా పోతాండె."

"ఎంతమందికి సరిపోయేది?"

"తోటకంతా సరిపోతాండె. పక్క ఊరోళ్ళు కూడా బిందెలెత్తుకోని వచ్చి పట్టుకపోతాండిరి."

"ఎండాకాలంలో?"

"ఎండాకాలంలో సన్నబడతాది. సన్నబడినా ఒక్కనాడు తప్పింది లేదు."

నేత్రావతి ఇదంతా నోటు పుస్తకంలో శ్రద్ధగా రాసుకుంది. 'తియ్యగా' అన్న చోట గీత గీసి, పక్కన 'పాయసం?' అని రాసుకుంది.

తప్పు ఆ పిల్లది మాత్రమే కాదు. హొసకోటె పాత తెలుగు ఇళ్ళలో కన్నడం నీళ్ళలో ఉప్పులా కలిసిపోయింది. నేత్రావతి ఇంట్లో పొద్దున టిఫిను, మధ్యాహ్నం ఊట. ఇంటికి ఎవరు వచ్చినా మొదట అడిగేది "ఊట ఆయనా?" అనే. కన్నడంలో ఊట అంటే భోజనం. తమది తెలుగే అనుకుని మాట్లాడే ఆ ఇంట్లో అది తెలుగు మాటే. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే ఇంట్లో పుట్టిన పిల్లకు ఇంకో ఊటతో పని పడలేదు.

తర్వాత రెండు వారాలు సినిమా ఆ దారిలోనే పోయింది. నేత్రావతి ఇంగ్లీషులో సబ్‌టైటిల్స్ రాసి ఇచ్చింది. అర్పితకు అవి తెగ నచ్చాయి. బావి తవ్వేవాళ్ళకు ద్రాక్షతోటవాళ్ళు రాళ్ళ మధ్య కూర్చోబెట్టి భోజనం పెట్టడం, కరువులో కూడా ఒక్క పూట తప్పకపోవడం, పక్క ఊరివాళ్ళు బిందెలతో వచ్చి పట్టుకెళ్ళడం! ఇలాంటి కథ ఏ బ్యాచ్‌కూ దొరకలేదంది. బిందెల్లో భోజనమేమిటని అడగాలని చేతన్‌కు ఒకసారి అనిపించింది. ఆ రోజు పది మాటలు అప్పటికే అయిపోయాయి. పాయసమైతే బిందెలోనే కదా తీసుకెళ్తారు అని సరిపెట్టుకున్నాడు.

ఒక ఆదివారం ఉదయం నలుగురూ మునినారాయణప్ప ఇంటికి వచ్చారు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల చావడి. మునిలక్ష్మిని రాగిసంగటి చేయమని అడిగారు. హేమంత్‌కుమార్ పొయ్యికి ఎదురుగా నేల మీద పడుకుని కెమెరా పెట్టాడు.

"బాయి సినిమా అని చెప్పి, నా సంగటి ఎందుకప్పా తీస్తాండారు?" అంది మునిలక్ష్మి.

"ఊట గురించే కదవ్వా సినిమా," అంది నేత్రావతి.

"అవును, ఊట గురించే. దానికి సంగటి ఎందుకు?"

"సంగటి లేకుండా ఊట ఎట్లవుతాదవ్వా?"

మునిలక్ష్మి భర్త వైపు చూసింది. ఆయన భుజాలెగరేశాడు. చదువుకున్న పిల్లలు, వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది. బహుశా ఊటనీళ్ళు మరిగేది చూపిస్తారేమో అనుకుని, ఎసరు బాగా కనపడేలా గిన్నె ఇటు తిప్పి పెట్టింది. అందరూ తిన్నారు. హేమంత్‌కుమార్ రెండు ముద్దలు తిని, మూడోది తీసేటప్పుడు "ఇది షాట్ కోసం అవ్వా, కంటిన్యుటీ" అన్నాడు.

"ఆ కంటినూటీ ఎవరికప్పా, నీకా, నీ కడుపుకా?" అంది మునిలక్ష్మి.

మార్చి ఇరవై ఒకటి, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకు పని ముగిసింది. తోట సామాన్లు పెట్టుకునే గదిలో, ఎరువు బస్తాల మీద అర్పిత లాప్‌టాప్ పెట్టింది. మునినారాయణప్ప, మునిలక్ష్మి, నాగరాజు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. సినిమా మొదలైంది. తెర మీద తన మొహం చూసి మునినారాయణప్ప చేత్తో మీసం సర్దుకున్నాడు. తన గొంతు తను విని తల ఊపాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. తూరుపు దిక్కు అన్నాడు, రాతి సందు అన్నాడు, తప్పలేదు అన్నాడు. ఇంక నళిని మేడమ్‌కు ఏం కావాలి?

"బాగుండాది పాపా," అన్నాడు. "కింద ఇంగ్లీషులో ఏమో పోతాండాదే, అదేమి?"

"మీరు చెప్పిందే తాతా. తెలుగు రానోళ్ళకు."

"ఏదీ, ఊట దగ్గర ఏం రాసినారో చదివి చెప్పు."

నేత్రావతి వెనక్కి జరిపి, ఒక్కో వాక్యం ఆపి, తెలుగులో చెప్పింది. "బాయికి తూరుపు దిక్కున రాళ్ళ మధ్యలో మాకు అన్నం పెట్టేవాళ్ళు. చానా రుచిగా ఉండేది. ఎండాకాలంలో కొంచెమే పెట్టినా ఒక్క పూట తప్పలేదు."

మునినారాయణప్ప కుర్చీలోంచి లేచాడు.

"అన్నమా? ఎవరు పెట్టింది?"

"తోటోళ్ళు... మీరే కదా తాతా చెప్పింది, ఊట..."

"తోటాయప్ప అన్నం పెట్టినాడా! ఆ మనిషి మూడు నెలల్లో ఒక గుక్క మజ్జిగ పొయ్యలేదు! మా యమ్మ ఇంటికాడ నుంచి సద్ది ఎత్తుకోని వస్తాండె, నాలుగు మైళ్ళు నడిచి! అట్లా మనిషికి పుణ్యం రాసిపెడితివే పాపా!"

మునిలక్ష్మికి ముందు అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. "అందుకేనా నా సంగటి!" అంది కొంగులోంచి.

అర్పితకు కన్నడంలో విడమరిచి చెప్పింది నాగరాజు. ఆమె మొహం పాలిపోయింది. హేమంత్‌కుమార్ గోడకు ఆనుకుని, మెల్లగా అన్నాడు.

"మా అమ్మోళ్ళ ఊళ్ళో ఊట అంటే నీళ్ళే కదా. బావిలో ఊరేది."

నేత్రావతి వాడి మీదికి తిరిగింది. "మూడు వారాలుగా ముందర నిలబడి వింటాండావు కదరా! అప్పుడు చెప్పకుండా ఏం చేస్తాండావు?"

"నేనెక్కడ విన్నానే? నాకు ఫోకస్ చూసుకునేదే సరిపోయింది. డైలాగ్స్ నీ డిపార్ట్‌మెంట్."

"సబ్‌టైటిల్ చదవలేదా?"

"ఇంగ్లీషులో ఉంటే నేనెందుకు చదువుతా, తెలుగు వినిపిస్తుంటే?"

"వినలేదంటివి కదా ఇప్పుడే!"

మునినారాయణప్పకు కోపం ఎక్కువసేపు నిలవదు. ఆ పిల్ల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడడం చూశాక అది కూడా పోయింది. "పోనీలే పాపా. అక్షరాలే కదా, మార్చు," అన్నాడు.

మార్చడానికి గంట పడుతుందని అర్పిత చెప్పింది. తర్వాత లాప్‌టాప్ మూసి, కన్నడంలో ఇంకో మాట అంది. మారిస్తే మాత్రం ఏమవుతుంది? తాత ఊట ఉంది అంటాడు. వాళ్ళు లేదు అంటారు. ఆంటీకి ఆయన ముందే చెప్పిన మాటను మనం సినిమాగా చెబుతున్నాం, అంతే కదా.

అది నిజం. మూడు వారాల పనిలో అందరూ తాత మొహం తీశారు, సంగటి తీశారు, సాయంత్రపు ఎండ తీశారు. బావి మూత ఒక్కసారి కూడా తెరవలేదు. మీటింగు ఎల్లుండి.

"తోడి చూడండి," అంది మునిలక్ష్మి. "తోడితే, ఊట ఉంటే ఊరతాది, లేకుంటే లేదు. దీనికి కాలేజీ చదువు కావల్లా?"

అందరూ నాగరాజు వైపు చూశారు. ఆయన పెన్ను తీశాడు, పెట్టుకున్నాడు. వానాకాలం బేస్‌మెంటులో చేరిన నీళ్ళు తోడే మోటారు స్టోరులో ఉంది. ఇస్తానన్నాడు. షరతులు రెండు. ఒకటి, ఎవ్వరూ బావిలోకి దిగకూడదు. రెండు, తోడిన నీళ్ళు చెట్లకే పోవాలి, మురికికాలవలోకి పోతే తన ఉద్యోగం దానితోపాటే పోతుంది.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు మూత తీశారు. హేమంత్‌కుమార్ కెమెరాతో ముందుకు వంగబోతే మునినారాయణప్ప చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"తీసిన ఎంటనే తొంగి చూడొద్దప్పా. ఇన్నేళ్ళు మూసిన గాలి. పోనీ ముందు."

పావుగంట తర్వాత మోటారు వేశారు. నల్లటి నీళ్ళు మొదట కంపు కొట్టాయి, తర్వాత రంగు తేలాయి. తోటవాళ్ళు గొట్టాన్ని ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు మార్చుతూ పోయారు. రెండున్నర గంటలు పట్టింది. నీళ్ళు అడుగంటి మోటారు గాలి పీల్చే శబ్దం వచ్చేసరికి ఆపేశారు. బాల్కనీల్లో అక్కడక్కడ మనుషులు నిలబడ్డారు. ఎప్పుడు వచ్చిందో, నళిని కూడా గొడుగు పట్టుకుని పారిజాతం చెట్టు పక్కన నిలబడి ఉంది.

హేమంత్‌కుమార్ ఫోన్‌లో టార్చి వెలిగించి, స్టీలు బకెట్టులో కట్టి దించాడు. బకెట్టు గిర్రున తిరిగింది. పైకి తీసి చూస్తే వీడియో నిండా గోడలు తిరుగుతున్నాయి, చూస్తున్నవాళ్ళ తల కూడా తిరిగింది.

"ఒంటి తాడుకు కడితే తిరగకుండా ఏం చేస్తాది?" అన్నాడు మునినారాయణప్ప. "రెండు తాళ్ళు కట్టు. ఇద్దరూ ఎదురెదురుగా పట్టుకోండి. సమంగా వదలల్ల. ఎవురూ అవసరపడొద్దు, నిదానం."

రెండు తాళ్ళ మీద బకెట్టు నిలకడగా దిగింది. ఈసారి వీడియో స్పష్టంగా వచ్చింది. అందులో కనపడింది బురద. తూర్పు గోడ మొత్తం మెత్తిన బంకమన్నులా ఉంది. చెమ్మ ఉంది, ధార లేదు. నాగరాజు గొంతు సవరించుకున్నాడు. మునినారాయణప్ప ఆ చిన్న తెరను కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్క క్షణం ఆయనకూ అనుమానం వచ్చింది. చుట్టూ ఎన్ని బోర్లు! ఎవరి నీళ్ళు ఎవరు లాక్కుంటున్నారో భూమికి తప్ప ఎవరికి తెలుసు?

"పూడిక పట్టేసింది," అన్నాడు చివరికి. "నీళ్ళు కొట్టండి గోడకు. పైనుంచి. గట్టిగా."

ట్యాంకరు నీళ్ళు ఎనిమిది బకెట్లు అయ్యాయి. మునిలక్ష్మి తొమ్మిదో బకెట్టు తనే అందుకుంది. నూట ఆరు బావులకు మోకు లాగిన చెయ్యి అది. నీళ్ళు గోడకు తగిలిన శబ్దానికి నళిని ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ ఫోను దించారు.

ఈసారి బురద చారలు చారలుగా జారిపోయి రాయి కనపడింది. రాతి మధ్యలో అడ్డంగా నల్లటి చీలిక. చీలికలోంచి వేలు లావు ధార. టార్చి వెలుగులో అది కదులుతున్నట్టు కూడా లేదు, గాజుకడ్డీ అతికించినట్టు ఉంది.

హేమంత్‌కుమార్ కేక పెట్టాడు. నేత్రావతి ఏడ్చింది, ఏడుస్తూనే నోటు పుస్తకంలో టైము రాసుకుంది: పదకొండు నలభై అయిదు. చేతన్ చిన్న మైకును ఇంకో తాడుకు కట్టి లోపలికి వదిలాడు. కళ్ళు మూసుకుని కొంతసేపు విని, హెడ్‌ఫోన్లు తీసి మునినారాయణప్ప తలకు తగిలించాడు.

ఆయన జీవితంలో మొదటిసారి అవి పెట్టుకోవడం. మొదట బెదిరాడు. తర్వాత చెయ్యెత్తి అందరినీ నోరు మూసుకోమన్నాడు. నిమిషం పైగా అలాగే నిలబడ్డాడు.

"రెండుండాయి," అన్నాడు.

"ఏమి రెండు, తాతా?"

"ఊటలు. ఒకటి ఇదో, ఇప్పుడు చూసినారే, అది పైనుంచి పడతాండాది. ఇంకోటి బురద కిందనుంచి వస్తాండాది. గుడగుడమంటాది చూడు. అప్పుడు మా నాయన చెప్పినాడు రెండో ఊట ఉండాదని. నేను నమ్మలేదు."

బకెట్టు ఇంకో రెండడుగులు దించారు. బురదనీళ్ళలో ఒకచోట బుడగలు, చుట్టూ తేటగా అరచేయంత మేర నీళ్ళు. కెమెరా కళ్ళకు దొరకనిది ఆయన చెవికి దొరికింది.

నళిని దగ్గరికి వచ్చి హెడ్‌ఫోన్లు అడిగింది. విన్నాక, "ఎంత వస్తుందో కొలవండి. నాకు అంకెలు కావాలి," అంది. అర్పిత కొలతల టేపుకు ఇనుప నట్టు కట్టి దించింది. గంటలో అయిదంగుళాలు. సాయంత్రం అయిదుకు అడుగు తొమ్మిదంగుళాలు. ఆదివారం ఉదయం ఏడింటికి నాలుగడుగుల ఆరంగుళాలు. ఆ ఉదయపు కొలత నళినే వచ్చి తీసుకుంది.

సినిమాను రాత్రికి రాత్రి మళ్ళీ కూర్చారు. ఎనిమిది నిమిషాలు కావాల్సింది తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు అయింది. దానికి లెక్చరర్ తర్వాత రెండు మార్కులు కోశాడు. సంగటిని తీసేయమని నేత్రావతి బతిమాలింది, అర్పిత వినలేదు. శుక్రవారం సాయంత్రం చేతన్ రికార్డరు ఆపడం మరిచిపోయాడు, అంతా అందులో పడింది. మీటింగు హాలులో యాభై ఎనిమిది మంది ఆ తప్పును ముందు విన్నారు, దాని తర్వాత ధారను చూశారు. "ఒక గుక్క మజ్జిగ పొయ్యలేదు" అన్న చోట హాలంతా నవ్వింది. తెలుగు రానివాళ్ళు సబ్‌టైటిల్ చదివి అర నిమిషం ఆలస్యంగా నవ్వారు. వెనక వరసలో గోడకు ఆనుకుని నిలబడిన మునినారాయణప్ప, తను అంత గట్టిగా అరిచాడా అని నాగరాజును అడిగాడు.

"అరిచినావప్పా. గేటు కాడ సెక్యూరిటీ కూడా విన్నాడు."

వాదన లేకపోలేదు. సి బ్లాకు నుంచి ఒకాయన అవి మురికినీళ్ళు కావని గ్యారంటీ ఏమిటన్నాడు. ఇంకొకావిడ పిల్లలు పడితే ఎవరిది బాధ్యత అంది. నళిని రెండూ రాసుకుంది. నీళ్ళు పరీక్షకు పంపాలి, పైన ఇనుప జాలి వేయాలి, పార్కింగ్ మాట ఏడాది తర్వాత మాట్లాడుకోవచ్చు అంది. చేతులెత్తించారు. బావి ఉండాలని ముప్ఫై నాలుగు, పార్కింగ్ కావాలని ఇరవై ఒకటి, ఏదైనా సరే అన్నవాళ్ళు ముగ్గురు.

నళిని వెనక వరసకు వచ్చింది. పూడిక తీయడానికి మనుషులు దొరుకుతారా అని అడిగింది.

"దొరకతారు, మేడమ్. ముసిలోళ్ళు. కానీ పని వచ్చినోళ్ళు."

"మీరు మాత్రం దిగకూడదు. గట్టు మీదే ఉండి చెప్పాలి."

"ఆ మాట మా ఇంట్లో ముందే చెప్పేసినారు," అన్నాడు మునినారాయణప్ప.

నలుగురు విద్యార్థులు హాలు బయట ఐస్‌క్రీం తింటున్నారు. నేత్రావతి ఆయన్ను చూసి, తప్పు చేసిన మొహంతో, "తాతా, ఊట..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. 'ఊట ఆయనా' అనబోయిందని ఆయనకు అర్థమైంది.

"ఇంకా కాలేదు పాపా," అన్నాడు. "మీ అవ్వ సంగటి చేసి పెట్టినాది. రండి నలుగురూ. ఆ కంటినూటీ అబ్బాయిని కూడా పిలువు."

పూడిక తీత ఏప్రిల్ ఏడున మొదలై నాలుగు రోజులు సాగింది. అయిదుగురు పని చేశారు, అందరికన్నా చిన్నవాడికి యాభై రెండేళ్ళు. రెండువందల ఆరు బాండ్లీల మట్టి, ఇరవై మూడు క్రికెట్ బంతులు బయటికి వచ్చాయి. మట్టిని పూలకుండీలకు వేశారు. ఏప్రిల్ పన్నెండున టేపు దించి కొలిస్తే బావిలో నీళ్ళు తొమ్మిదడుగుల నాలుగంగుళాలు.